రక్తం తక్కువ సరే, ఏ విటమిన్ తక్కువ?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా రక్తహీనత గురించే ఉన్నాయి. అందులోనూ ఐరన్ మాత్రలు వాడినా తగ్గని రక్తహీనత, తిమ్మిర్లు, బీ12 ఇంజెక్షన్లు, ఫోలిక్ యాసిడ్, వీటి గురించే ఎక్కువమంది అడిగారు. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. రక్తం తగ్గిందని తెలియగానే మందు మొదలుపెట్టేస్తున్నారు, ఎందుకు తగ్గిందో మాత్రం ఎవరూ అడగడం లేదు. ఈ ఉత్తరాలన్నీ చదివాక నాకు బాధనిపించింది దాని గురించే, అందుకే కింది జవాబుల్లో పదే పదే ఆ ప్రశ్న దగ్గరికే వస్తాను.

ప్రశ్న: నమస్తే డాక్టరు గారూ. నా వయసు 38. ఏడాదిగా విపరీతమైన నీరసం, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ. హిమోగ్లోబిన్ 8.6 ఉందని ఐరన్ మాత్రలు రాశారు. నాలుగు నెలలు ఒక్కరోజు కూడా మానకుండా వాడాను, ఇప్పుడు చూస్తే 8.4. నాలుక మండుతోంది, కాస్త కారం తగిలినా ఓర్చుకోలేకపోతున్నాను. రిపోర్టులో ఎంసీవీ 114 అని ఉంది, దాని పక్కన ఎక్కువ అని గుర్తు పెట్టారు కానీ దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఐరన్ డోసు పెంచమంటారా?

జవాబు: పెంచొద్దమ్మా. ఐరన్ లోపమే అయితే మాత్రలు సరిగ్గా వేసుకున్న నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ ఓ గ్రామైనా పెరగాలి. నాలుగు నెలలైనా పెరగకపోగా కాస్త తగ్గిందంటే మీకు తక్కువైంది ఐరన్ కాకపోవచ్చు, లేదా ఐరన్ ఒక్కటే కాకపోవచ్చు.

అసలు విషయం మీ రిపోర్టులోనే ఉంది, ఎవరూ పట్టించుకోని ఆ ఎంసీవీలో. ఎర్ర రక్తకణం సగటు సైజు ఎంతో చెప్పే అంకె అది. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవైపోతాయి, 80 కంటే కిందికి పడిపోతుంది. మీకు 114 ఉంది, అంటే కణాలు ఉండాల్సిన దానికంటే పెద్దవిగా ఉన్నాయి. బీ12 గానీ ఫోలేట్ గానీ (మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ పేరుతో వచ్చేది ఇదే) లోపిస్తే జరిగేది ఇదే. ఎముక మజ్జలో కొత్త కణం తయారవ్వాలంటే ముందు డీఎన్ఏ రెట్టింపు కావాలి, ఆ పనికి ఈ రెండు విటమిన్లూ తప్పనిసరి. ఇవి లేకపోతే కణం పెరుగుతూ పోతుంది గానీ సమయానికి విడిపోలేదు, దాంతో తక్కువ సంఖ్యలో, పెద్ద పెద్ద కణాలు తయారవుతాయి, వాటిలోనూ చాలా భాగం మజ్జ దాటి బయటికి రాకముందే చచ్చిపోతాయి. ఇటుకలు ఎన్ని తెచ్చి పోసినా మేస్త్రీ రాకపోతే గోడ లేవదు కదా, నాలుగు నెలలు మీరు మింగిన ఐరన్ సంగతీ అంతే. అలా చచ్చిన కణాల వల్ల కొందరికి కళ్లు లేత పసుపుగా కనిపిస్తాయి, ఎర్రకణాలు చచ్చినప్పుడు వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం రక్తంలో కాస్త పెరుగుతుంది, దాన్ని చూసి కామెర్లనుకుని లివర్ మందులు వాడేవాళ్లూ ఉన్నారు.

నాలుక మంట కూడా దీనికే సరిపోతుంది. అద్దం ముందు నిలబడి నాలుక చాచి చూసుకోండి. మామూలు నాలుక మీద సన్నగా గరుకుగా ఉండే బొడిపెలు అరిగిపోయి, నున్నగా, ఎర్రగా మెరుస్తూ ఉంటే ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు చేయించాల్సినవి: రక్తంలో బీ12, ఫోలేట్, పెరిఫెరల్ స్మియర్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్. థైరాయిడ్ ఎందుకంటే అది తగ్గినా ఎంసీవీ పెరుగుతుంది. లివర్ జబ్బు, మద్యం, కొన్ని మందులు, అరుదుగా మజ్జకు సంబంధించిన జబ్బులు కూడా పెంచుతాయి కాబట్టి 114 చూడగానే బీ12 అని నేనూ తేల్చేయను. స్మియర్ అంటే గాజు పలక మీద రక్తపు చుక్క పరిచి మైక్రోస్కోపులో చూడటం. బీ12, ఫోలేట్ లోపంలో తెల్లకణాల్లోని న్యూట్రోఫిల్స్ కేంద్రకం ఐదారు ముక్కలుగా విడిపోయి కనిపిస్తుంది, అది చూస్తే అనుమానం బాగా బలపడుతుంది. బీ12 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపం ఉన్నట్టే లెక్క. 200 నుంచి 300 మధ్య ఉంటే అటూ ఇటూ కాని పరిస్థితి, అప్పుడు మిథైల్‌మలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ పరీక్షలు చేస్తే తేలుతుంది. ఈ పరీక్షలకు రక్తం ఇచ్చేదాకా బలానికని ఏ విటమిన్ బిళ్లా వేసుకోకండి, వేసుకుంటే అంకె పైకి పోయి అసలు విషయం కప్పబడిపోతుంది.

ఇంకో మాట, ఇది మీకు కాకపోయినా చదివేవాళ్లకు పనికొస్తుంది. ఐరన్, బీ12 రెండూ ఒకేసారి తక్కువున్నవాళ్లలో చిన్న కణాలు, పెద్ద కణాలు కలిసిపోయి ఎంసీవీ నార్మల్ అని వస్తుంది. అలాంటప్పుడు అదే రిపోర్టులో కింద ఉండే ఆర్‌డీడబ్ల్యూ పెరిగి ఉంటుంది. కణాల సైజులో తేడాలు ఎక్కువగా ఉన్నాయని అర్థం. అది పెరిగి ఉంటే ఎంసీవీ బాగుంది కదా అని వదిలేయొద్దు.

ప్రశ్న: సార్, నాకు 57 ఏళ్లు. పదేళ్లకు పైగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, గ్యాస్ మాత్ర కూడా రోజూ పడాల్సిందే. ఏడాదిన్నరగా అరికాళ్లలో తిమ్మిర్లు, దూది మీద నడిచినట్టుగా ఉంటోంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నారు. కానీ నా షుగర్ ఎప్పుడూ కంట్రోల్‌లోనే ఉంది. హిమోగ్లోబిన్ 13.8, కాబట్టి బీ12 లోపం ఉండే అవకాశం లేదన్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ, హిమోగ్లోబిన్ బాగున్నంత మాత్రాన బీ12 లోపం లేదని చెప్పలేం. రక్తం ఏమాత్రం తగ్గకుండానే నరాలు దెబ్బతినేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు వెంటనే బీ12 పరీక్ష చేయించుకోండి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే చిన్నపేగు చివరి భాగంలో బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. డోసు ఎక్కువైన కొద్దీ, ఏళ్లు గడిచిన కొద్దీ ఇది పెరుగుతుంది. మీరు రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటిదైతే దానిదీ కొంత పాత్ర ఉంటుంది, ఎందుకంటే తిండిలో ప్రోటీన్‌కు అతుక్కుని ఉండే బీ12ను విడదీయడానికి కడుపులో యాసిడ్ కావాలి, ఆ మాత్ర చేసే పనే యాసిడ్‌ను తగ్గించడం. రెండూ కలిసి ఏళ్లు గడిచాయి కాబట్టి నాకు అనుమానం గట్టిగానే ఉంది. అయితే ఇది చదివి మెట్‌ఫార్మిన్ మానేయొద్దు. అది మంచి మందు. దాన్ని కొనసాగిస్తూనే బీ12 పూడ్చుకోవచ్చు.

షుగర్ వల్ల వచ్చే తిమ్మిర్లు, బీ12 వల్ల వచ్చే తిమ్మిర్లు చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకే మనిషిలో రెండూ కలిసి ఉండొచ్చు కూడా. బీ12 లోపంలో వెన్నుపాము వెనక భాగం దెబ్బతింటుంది. కాళ్లు ఎక్కడున్నాయో, ఎలా ఉన్నాయో మెదడుకు చెప్పే తీగలు వెళ్లేది అటుగానే. అందుకే వీళ్లు వెలుతురులో బాగానే నడుస్తారు గానీ చీకట్లో తూలుతారు, ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసి వంగితే ముందుకు పడబోతారు. మీకు అలా జరుగుతుంటే డాక్టరుకు చెప్పండి. ఆయన ట్యూనింగ్ ఫోర్కు మోగించి మీ కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, జివ్వుమంటోందా లేదా అని అడుగుతారు. నిమిషం పట్టని ఆ పరీక్షలో చాలా తెలుస్తుంది. షుగర్ కాళ్లకు కూడా ఇది చేస్తారు కాబట్టి కారణం తేలాలంటే రక్తపరీక్ష కావాలి, నరం ఎంత దెబ్బతిందో మాత్రం ఇక్కడే పట్టుబడుతుంది.

తొందరపడమని ఎందుకంటున్నానంటే, రక్తం ఎంత తగ్గినా విటమిన్ ఇస్తే తిరిగి వస్తుంది, నరం అలా కాదు. మొదటి నెలల్లో పట్టుకుంటే చాలావరకు కోలుకుంటుంది, ఏడాది దాటాక మొదలుపెడితే కొంత తిమ్మిరి, కొంత తూలుడు అలాగే మిగిలిపోవచ్చు. మీకు ఏడాదిన్నర అయింది, ఇంకో నెల ఆగొద్దు. ఇప్పటికే నరాల బిళ్లలు వాడుతుంటే వాటి మీద ఏం రాసుందో చూడండి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువ మోతాదులో ఉండి బీ12 లేకపోతే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకున్నా దానివల్లే తిమ్మిర్లు వస్తాయి. తిమ్మిరి తగ్గట్లేదని ఆ బిళ్లల్నే రెండేసి వేసుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. రోజూ ఆకుకూరలు, పప్పులు, పండ్లు తింటాను, పాలు మాత్రం పడవు. బీ12 140 వచ్చింది. ఇంత మంచి తిండి తింటుంటే ఎలా తగ్గింది? మాత్రలు కాకుండా సహజంగా పెంచుకునే దారి చెప్పండి. స్పిరులినా మంచిదంటున్నారు.

జవాబు: మీ తిండి మంచిదే, అందులో సందేహం లేదు. ఆకుకూరలు, పప్పుల్లో ఫోలేట్ పుష్కలంగా ఉంటుంది. కానీ బీ12 మొక్కల్లో ఉండదు. దాన్ని తయారుచేసేది బ్యాక్టీరియా. జంతువుల ఒంట్లోకి అక్కడి నుంచే చేరుతుంది, మనకు మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు ద్వారా వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 2.4 మైక్రోగ్రాములు. ఒక గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది. మీకు పాలూ లేవు కాబట్టి ఆకుకూరలు ఎన్ని తిన్నా బీ12 లెక్కలో సున్నాయే. స్పిరులినాలో బీ12ను పోలిన పదార్థం ఉంటుంది గానీ అది మన ఒంట్లో పనిచేసే రకం కాదు, అలాంటివి పరీక్షలో అంకెను పెంచి మోసం కూడా చేయగలవు. పుట్టగొడుగులు, పులియబెట్టిన పదార్థాలు కూడా నమ్ముకునేంత ఇవ్వవు.

ఇన్నేళ్లూ బాగానే ఉన్నాను కదా అని మీకు అనిపించొచ్చు. ఒంట్లో, ఎక్కువగా లివర్‌లో, రెండు నుంచి ఐదు మిల్లీగ్రాముల బీ12 నిల్వ ఉంటుంది, రోజుకు ఖర్చయ్యేది అందులో చాలా చిన్న వంతు, అందుకే తినడం మానేసినా ఖాళీ అవడానికి ఏళ్లు పడుతుంది. ఫోలేట్ అలా కాదు, దాని నిల్వలు నాలుగు నెలలకు మించి రావు. పాలు ఎప్పుడు మానేశారో గుర్తు తెచ్చుకోండి, బహుశా నాలుగైదేళ్ల కిందటిదై ఉంటుంది.

ఇక సహజమైన దారి గురించి. 140 ఉన్నప్పుడు తిండితో పూడ్చుకుందామని ఆగడం నాకు ఒప్పుదల కాదు. బీ12 వేసుకోవాల్సిందే. మాత్రల్లో ఉండే బీ12ను కూడా బ్యాక్టీరియాను పులియబెట్టే తయారుచేస్తారు, జంతువుల నుంచి తీయరు, కాబట్టి నియమం దెబ్బతింటుందని మీరు బాధపడక్కర్లేదు. కాకపోతే క్యాప్సూల్ గొట్టం జెలటిన్‌తో చేసినదైతే అది జంతువుల నుంచి వచ్చేదే, అందుకని మామూలు బిళ్ల అడగండి. లోపం పూడ్చుకున్నాక కూడా మీ తిండి ఇలాగే ఉన్నన్నాళ్లు బీ12 మాత్రగానో, బీ12 కలిపినట్టు లేబుల్ మీద రాసి ఉన్న ఆహారంగానో లోపలికి వెళ్తూనే ఉండాలి. ఇంట్లో అందరిదీ ఇదే తిండి అయితే అందరూ పరీక్ష చేయించుకోండి, ముఖ్యంగా పెళ్లై పిల్లల కోసం చూస్తున్నవాళ్లు. ఎందుకో కింది ప్రశ్న చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకి ఎనిమిది నెలలు. తల్లిపాలే తాగుతున్నాడు, పై తిండి సరిగ్గా తినడు. ఐదో నెలలో బోర్లా పడేవాడు, నవ్వేవాడు. ఇప్పుడు బోర్లా పడటం మానేశాడు, పిలిస్తే చూడట్లేదు, ఎప్పుడూ నిద్రమత్తుగా ఉంటాడు. చేతులు సన్నగా వణుకుతున్నాయి. వేళ్ల కణుపులు నల్లబడ్డాయి. బొద్దుగానే ఉన్నాడు కాబట్టి భయం లేదని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. నేను మాంసం, గుడ్లు తినను, పాలు తక్కువ.

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికి అందిన రోజే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రేపు, ఎల్లుండి అనొద్దు. వచ్చిన పనులు పోవడం అన్నది పసిపిల్లల్లో ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడని విషయం, కారణం ఏదైనా సరే.

మీరు రాసినవన్నీ పసిపిల్లల్లో వచ్చే బీ12 లోపానికి సరిపోతున్నాయి. తల్లిలో బీ12 తక్కువుంటే కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు నిల్వ తక్కువ చేరుతుంది, తర్వాత పాలలోనూ తక్కువే వస్తుంది. ఆ కొద్దిపాటి నిల్వ అయిపోయేసరికి నాలుగు నుంచి పది నెలల మధ్య ఇవి బయటపడతాయి. నవ్వు తగ్గడం, మెడ నిలపలేకపోవడం, వణుకు, జుట్టు పలచబడి రంగు తగ్గడం, పాలిపోవడం, మీరు గమనించినట్టే కణుపుల మీద నలుపు. బిడ్డ బొద్దుగా ఉండటానికీ దీనికీ సంబంధం లేదు, పాలలో కొవ్వు, చక్కెర ఉంటాయి కాబట్టి ఒళ్లు చేస్తాడు, మెదడుకు కావాల్సింది అందదు. మీరు కణుపుల నలుపు దాకా గమనించి రాశారు. డాక్టరు అడగకపోయినా అన్నీ ఇదే వరసలో చెప్పండి. ఐదో నెలలో బోర్లా పడిన వీడియో ఫోన్‌లో ఉంటే అదీ చూపించండి.

లోపం ఇదేనని తేలితే ఇంజెక్షన్లు ఇస్తారు. చాలామంది పిల్లలు కొద్ది రోజుల్లోనే చురుగ్గా కళ్లు తిప్పడం మొదలుపెడతారు. మందు మొదలుపెట్టాక కొందరిలో వణుకు కొన్నాళ్లు ఎక్కువైనట్టు కనిపిస్తుంది, అలా అయితే కంగారుపడి మందు మానకుండా డాక్టరుతో మాట్లాడండి. పాలు ఇవ్వడం ఆపొద్దు. మీకూ అదే రోజు పరీక్ష చేసి మందు మొదలుపెట్టమని అడగండి. ఇందులో మీ తప్పేమీ లేదు. బాలింతలకు ఐరన్, కాల్షియం రాసేటప్పుడు ఏం తింటారో అడిగి బీ12 కూడా చూడాలి. మీకు అది ఎవరూ చూడకపోవడమే నాకు కష్టంగా ఉంది.

ప్రశ్న: పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నాం. ఫోలిక్ యాసిడ్ నెల తప్పాక మొదలుపెడితే సరిపోదా? ఇంట్లో 5 మిల్లీగ్రాముల బిళ్లలున్నాయి, అవే వేసుకోవచ్చా?

జవాబు: నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది, చాలామందికి అప్పటికి గర్భం వచ్చిందనే తెలియదు. ఆ సమయానికి ఒంట్లో ఫోలేట్ సరిపడా ఉండాలి. అందుకే కనీసం నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టి, గర్భం వచ్చాక 12 వారాల దాకా ఆపకూడదు. ఆ గొట్టం సరిగ్గా మూసుకోని బిడ్డ అంతకుముందు పుట్టిన తల్లులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ అలా జరగడం దాదాపు 70 శాతం తగ్గుతుందని 1991లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలింది.

5 మిల్లీగ్రాములంటే మీకు కావాల్సిన దానికి పన్నెండు రెట్ల పైమాట. అలాంటి బిడ్డ ముందు పుట్టినవాళ్లకు, ఫిట్స్‌కు కొన్ని మందులు వాడేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు డాక్టర్లు అంత మోతాదు రాస్తారు. మిగతావాళ్లు బిళ్ల మీది అంకె, మైక్రోగ్రాములో మిల్లీగ్రాములో చూసి 400 మైక్రోగ్రాములది తీసుకోవాలి. మాంసం, గుడ్లు, పాలు తక్కువ తినేవాళ్లయితే బీ12 కూడా ఇప్పుడే చూపించుకోండి.

ఈ ఫోలేట్ కథ గర్భిణుల దగ్గరే మొదలైంది. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే డాక్టరు బొంబాయి వచ్చి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో వస్తున్న తీవ్రమైన రక్తహీనత మీద పరిశోధన చేశారు. ఈస్ట్ నుంచి తీసిన పదార్థం ఇస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. అందులో ఉన్నది ఫోలేట్ అని తర్వాత తేలింది. గర్భంతో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గకూడదన్నది లెక్క. తగ్గితే ఐరన్‌తో పాటు ఈ రెండు విటమిన్లనీ తలుచుకోవాలి.

ప్రశ్న: నాకు పెర్నిషియస్ అనీమియా అన్నారు. జీవితాంతం బీ12 ఇంజెక్షన్లు తప్పవన్నారు. టెన్షన్‌గా ఉంది. ఇది క్యాన్సర్ లాంటిదా? ఇంజెక్షన్ బదులు మాత్ర పనిచేయదా?

జవాబు: క్యాన్సర్ కాదు. కడుపు గోడల్లోని కొన్ని కణాలు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. తిండిలోని బీ12 దానితో కలిసి చిన్నపేగు చివరిదాకా వెళ్తేనే అక్కడ ఒంటికి పడుతుంది. మీ రోగనిరోధక వ్యవస్థ పొరపాటున ఆ కణాల మీద, ఆ ప్రోటీన్ మీద దాడి చేస్తోంది. తిండిలో లోటు లేదు, మాంసం తినేవాళ్లకూ ఇది వస్తుంది. థైరాయిడ్ లాంటి ఇతర ఆటోఇమ్యూన్ జబ్బులు తోడుగా ఉండొచ్చు కాబట్టి ఆ పరీక్ష చేయించుకోండి. కడుపు క్యాన్సర్ ముప్పు మామూలువాళ్లకంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, అందుకని కడుపులో నొప్పి, బరువు తగ్గడం లాంటివి కొత్తగా వస్తే ఎండోస్కోపీ గురించి అడగండి, అంతకుమించి భయపడాల్సింది లేదు.

1926 దాకా ఈ జబ్బుకు మందు లేదు, వచ్చినవాళ్లు చనిపోయేవాళ్లు. ఆ ఏడాది మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు డాక్టర్లు రోజూ పెద్ద మొత్తంలో లివర్ తినిపిస్తే రోగులు బతుకుతున్నారని చూపించారు. వాళ్లకూ, అంతకుముందు కుక్కల మీద పరిశోధన చేసిన జార్జ్ విప్పుల్‌కూ కలిపి 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. లివర్‌లో ఉన్న ఆ పదార్థాన్ని 1948లో ఎర్రటి స్ఫటికాలుగా విడదీశారు, అదే బీ12. మీరు రెండు మూడు నెలలకోసారి వేయించుకోబోయే ఆ ఎర్రటి ఇంజెక్షన్ కోసం ఒకప్పటి రోగులు రోజూ లివర్ మింగలేక మింగారు.

మాత్ర పనిచేస్తుందా అంటే, ఎక్కువ మోతాదులో పనిచేస్తుంది. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకపోయినా మింగిన బీ12లో సుమారు ఒక శాతం దానంతటదే పేగు గోడ దాటి లోపలికి వెళ్తుంది. 1000 మైక్రోగ్రాముల మాత్ర వేస్తే పది మైక్రోగ్రాములు పట్టినట్టే, కావాల్సింది రెండున్నర. కాబట్టి లెక్క సరిపోతుంది. అయినా రక్తం బాగా తగ్గినప్పుడు, తిమ్మిర్లు, తూలుడు, మతిమరుపు ఉన్నప్పుడు నేను మొదట ఇంజెక్షన్లకే మొగ్గు చూపుతాను, నరాల విషయంలో ఆలస్యానికి తావివ్వకూడదు. నిల్వలు నిండాక రోజూ మరిచిపోకుండా మాత్ర వేసుకోగలిగేవాళ్లు డాక్టరుతో మాట్లాడి దానికి మారొచ్చు. మరిచిపోయే అలవాటుంటే ఇంజెక్షనే మేలు. కడుపు ఆపరేషన్, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ, చిన్నపేగు చివరి భాగం తీసేసినవాళ్లకూ కూడా జీవితాంతం బీ12 అవసరం ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మకు 74. ఆరు నెలలుగా మరిచిపోతోంది, చిరాకు, ఒక్కోసారి లేనివాళ్లు ఉన్నట్టు మాట్లాడుతోంది. వయసు మీద పడితే ఇంతే అంటున్నారు.

జవాబు: వయసు అని వదిలేయొద్దు. బీ12 లోపం మతిమరుపు, దిగులు, భ్రమలు కూడా తెస్తుంది. పెద్దవయసులో కడుపులో యాసిడ్ తగ్గి తిండిలోని బీ12 విడిపోదు, తినేదీ తక్కువైపోతుంది. మతిమరుపుకు పరీక్షలు చేసేటప్పుడు బీ12, థైరాయిడ్, సోడియం తప్పనిసరిగా చూడాలి. బీ12 ఇచ్చినంత మాత్రాన ప్రతి మతిమరుపూ పోదు, అలా ఆశ పెట్టడం నాకిష్టం లేదు. కానీ కొందరిలో పోతుంది, ఆ కొందరిలో మీ అమ్మగారు ఉన్నారేమో చూడకపోతే ఎలా? ఆవిడ వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.

ప్రశ్న: బీట్‌రూట్ రసం తాగితే రక్తం పడుతుందా?

జవాబు: రంగు చూసి అలా అనుకుంటారు. బీట్‌రూట్‌లో ఫోలేట్ బాగానే ఉంది, ఐరన్ కొద్దిగా ఉంది, బీ12 అసలు లేదు. ఇష్టమైతే తాగండి, మందు బదులుగా తాగొద్దు. విటమిన్ సీ ఉన్న పండ్లు భోజనంతో పాటు తింటే మొక్కల నుంచి వచ్చే ఐరన్ బాగా పడుతుంది, భోజనమవగానే టీ, కాఫీ తాగితే తగ్గుతుంది. ఆకుకూరల్ని ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ సగం దానితోనే పోతుంది.

ప్రశ్న: బీ12 95, హిమోగ్లోబిన్ 6.9 ఉంటే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పది రోజులకే ఆకలి, హుషారు వచ్చాయి. ఇక ఆపేయొచ్చా? తిమ్మిర్లు మాత్రం అలాగే ఉన్నాయి, మందు పనిచేయట్లేదా?

జవాబు: పనిచేస్తోంది, ఆపొద్దు. మూడు నాలుగు రోజుల్లోనే మజ్జ మేలుకుని కొత్త కణాలను వదలడం మొదలుపెడుతుంది, వారం రోజులకు రెటిక్యులోసైట్ల, అంటే అప్పుడే పుట్టిన ఎర్రకణాల అంకె బాగా పెరుగుతుంది. మనిషికి హుషారు రావడం అంతకంటే ముందే మొదలవుతుంది. కానీ హిమోగ్లోబిన్ మామూలుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, లివర్‌లో నిల్వలు నిండడానికి ఇంకా ఎక్కువ. పది రోజులకు ఆపితే కొన్ని నెలల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు.

తిమ్మిర్లు తగ్గడం నెలల మీద జరిగే పని. మొదట్లో కొందరికి కాస్త ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది. మూడు నెలలు, ఆరు నెలలు ఓపిక పట్టండి. ఈలోగా చీకట్లో నడవడం, కాలికి చెప్పుల్లేకుండా తిరగడం వద్దు, స్పర్శ తెలియక దెబ్బలు తగులుతాయి.

మీ అంత తక్కువ హిమోగ్లోబిన్ ఉన్నవాళ్లలో మొదటి వారంలో కొత్త కణాలు పొటాషియంను లాగేసుకుని రక్తంలో అది పడిపోవచ్చు, అందుకని ఆ పరీక్ష చేశారో లేదో అడగండి. గుండె దడ, కండరాల పట్టేయడం ఉంటే వెంటనే వెళ్లండి. కొత్త రక్తం తయారీకి ఐరన్ కూడా ఖర్చవుతుంది కాబట్టి రెండు నెలల తర్వాత చేసే పరీక్షలో సీబీపీతో పాటు ఫెరిటిన్ కూడా రాయించుకోండి. బీ12 అంకె మళ్లీ మళ్లీ చూపించుకోవాల్సిన పని లేదు, ఇంజెక్షన్లు పడుతున్నప్పుడు అది ఎలాగూ ఎక్కువే వస్తుంది.

మీ ఉత్తరంలో ఒక్కటి లేదు, 95కు ఎందుకు పడిపోయిందో. మీరు ఏం తింటారు, ఏ మందులు వాడతారు, కడుపుకు ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ పరీక్ష చేశారా? తిండిలో లోటు వల్ల అయితే నిల్వలు నిండాక మాత్రతో సరిపెట్టుకోవచ్చు, పట్టకపోవడం వల్ల అయితే ఎప్పటికీ మానకూడదు. తర్వాతి ఇంజెక్షన్‌కు వెళ్లినప్పుడు ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుకు ఇవ్వండి.